రైజోబియం ప్యాకెట్ కొనేముందు తేదీ మీద స్టిక్కర్ అంటించారేమో చూసుకోండి

శనగకు జీవన ఎరువు కొనబోతున్నవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. రైజోబియం అంటే వేర్లకు బుడిపెలు కట్టించి, గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందించే బ్యాక్టీరియా. ఈసారి నాకు అంటగట్టిన రైజోబియం ప్యాకెట్లలో పనిచేసే బ్యాక్టీరియా లేదు, ఉన్నది నల్లటి పొడి మాత్రమే.

మాది సేంద్రియ పదార్థం బాగా తగ్గిపోయిన తేలిక నేల. అందులో శనగ ఎప్పుడూ వేయలేదు. ఇలాంటి చోటే రైజోబియం అవసరం ఎక్కువ. వేరుశనగ, పెసర, మినుము వేర్లలో బుడిపెలు కట్టించే రకం శనగకు పనికిరాదు. శనగకు దాని రకమే కావాలి, అది మా నేలలో ముందునుంచీ ఉండే అవకాశం తక్కువ. అందుకే ‘అన్ని పప్పుధాన్యాలకూ ఒకే ప్యాకెట్’ అని రాసి ఉంటే నమ్మకండి. ఏ పంటకో పేరు రాసి ఉండాలి.

పైరు పూతకు వచ్చేసరికి కింది ఆకులు పసుపు తిరిగాయి. మొక్కను పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి కాబట్టి, చుట్టూ తవ్వి మట్టిగడ్డతో సహా తీసి నీళ్లలో నానబెట్టి కడిగాను. వేరుకు అక్కడొకటి ఇక్కడొకటి చిన్న బుడిపెలు. గోటితో చీరితే లోపల తెల్లగా ఉంది. నత్రజని పట్టే బుడిపె అయితే లోపల గులాబీ రంగు కనబడాలి, బుడిపెలో ఉండే లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్ వల్ల వచ్చే రంగు అది.

అమ్మినాయన్ని అడిగితే ‘మీ నేలలో సారం లేదు, బ్యాక్టీరియా ఏం చేస్తుంది’ అన్నాడు. ఆ మాట నిలవదు. చివరి సాళ్లకు మాత్రం వేరేచోట తెచ్చిన రైజోబియం పట్టించాను. అదే చేను, అదే విత్తనం, విత్తింది కూడా ఒకే రోజు. ఆ సాళ్లలో తల్లివేరు మొదట్లోనే గుత్తులుగా బుడిపెలున్నాయి, చీరితే గులాబీ రంగే. దాచిన ఖాళీ ప్యాకెట్లు తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. తయారీ తేదీ మీద తెల్ల స్టిక్కర్ అంటించి ఉంది. ఊడదీస్తే కింద పాత తేదీ, దాని ప్రకారం నాకు అమ్మేనాటికే గడువు దాటిపోయింది.

ఇవి ప్రాణమున్న సరుకు. గడువు ఉన్నా సరే, ఎండ తగిలేచోట, వేడెక్కే రేకుల కింద పెడితే చచ్చిపోతాయి. యూరియా బస్తాను చూసినట్టు వీటిని చూసే దుకాణంలో కొనొద్దు. గ్రాములో బతికున్న కణాలెన్నో, బ్యాచ్ నంబరెంతో రాసి లేని ప్యాకెట్ ముట్టుకోకండి. ‘ఇది వేస్తే ఇంకే ఎరువూ అక్కర్లేదు’ అనేవాడి దగ్గర అసలు ఆగకండి. ఫాస్ఫోబాక్టీరియా అనే మరో జీవన ఎరువు కూడా నేలలో బిగుసుకున్న భాస్వరాన్ని ఆమ్లాలతో కరిగించి వేరుకు అందిస్తుందేగానీ, లేని భాస్వరాన్ని పుట్టించదు.

మంచి సరుకు దొరికినా విత్తనశుద్ధిలో వరస ముఖ్యం: ముందు శిలీంద్రనాశని, తర్వాత పురుగుమందు, రైజోబియం ఆఖరున. పట్టించాక నీడలోనే ఆరబెట్టి వెంటనే విత్తండి. పోల్చి చూసుకోవడానికి కొన్ని సాళ్ల విత్తనానికి రైజోబియం పట్టించకండి. వాటినే ముందు విత్తండి, లేకపోతే చేతులకూ గొర్రుకూ అంటుకున్న బ్యాక్టీరియా అక్కడికీ చేరి తేడా తెలియదు.

నా పైరుకు ఇప్పుడు నత్రజని పైపాటుగా వేయక తప్పడం లేదు, దండగ ఖర్చే. మీరు ఖాళీ ప్యాకెట్లు, బిల్లు పారేయకండి, ఫిర్యాదుకు అవే ఆధారం. నా దగ్గర విప్పకుండా మిగిలిన ప్యాకెట్‌ను పరీక్షకు పంపాను. బతికున్న కణాల లెక్క రాగానే ఇక్కడే పెడతాను.