స్లాబు మీది రాస్ప్‌బెర్రీ పైకి వైఫై నిలవాలంటే: సెట్టింగా, డాంగిలా, వైరా – ఏది మేలు?

హన్మకొండలో మా ఇంటి స్లాబు మీద, నీళ్ల ట్యాంకు పక్కన, ఒక రాస్ప్‌బెర్రీ పై 3, అంటే అరచేతిల పట్టే చిన్న కంప్యూటరు బోర్డు, ఉంటది. ట్యాంకుల నీళ్లెంత ఉన్నయో చూసుడు, నిండంగనే కింద మెట్ల కాడున్న మోటరు స్విచ్చుకు బందు కమ్మని చెప్పుడు దాని పని. రౌటరేమో హాల్లో టీవీ వెనక. మొదట్ల బోర్డును ప్లాస్టిక్ డబ్బాల పెట్టిన. రెండ్రోజులకే కోతులు మూత పీకినయి. ఇగ వెల్డింగ్ షాపుకు పోయి ఇనుప రేకు డబ్బా చేయించిన. కోతుల బాధ తప్పింది, వైఫై బాధ మొదలైంది.

కనెక్షన్ ఎప్పుడు పోతదో తెల్వదు. పోయిందంటే మోటరు ఆగదు, ట్యాంకు పొంగుతది. "నీ మిషిన్ కన్నా నీళ్లు కారే సప్పుడే నయం బిడ్డా, కిందికి వినవడ్తది" అన్నది అమ్మ.

రూపాయి పెట్టకముందు చార్జరును అనుమానించాలె. పై 3కి 5.1 వోల్టుల 2.5 ఆంపియర్ల సప్లై కావాలె. పాత ఫోన్ చార్జరు పెడితే వోల్టేజీ 4.63 కన్నా దిగి బోర్డు నీరసపడ్తది, మనమేమో వైఫైని తిడ్తం. బోర్డుల వీసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్ అనే కమాండు కొడితే 0ఎక్స్0 రావాలె, అంటే కరెంటు తక్కువైన గుర్తు లేదన్నట్టు. నాకు అదే వచ్చింది.

పైసా ఖర్చు లేని దారి పవర్‌సేవ్, అంటే వైఫై రేడియో కరెంటు పొదుపు, బందు చేసుడు. రౌటరు సెకనుకు దాదాపు పదిసార్లు 'నేనున్న' అని బీకన్ అనే సిగ్నల్ పంపుతది. పవర్‌సేవ్ ఆన్‌లో ఉంటే పైలోని రేడియో ఆ బీకన్ల నడుమ కునుకు తీస్తది, దానికి రావాల్సిన ప్యాకెట్లను రౌటరు దాచి పెడ్తది. బ్యాటరీ మీద నడిచే ఫోన్‌కు ఇది మంచిదే. ప్లగ్గుకు పెట్టిన బోర్డుకు ఎందుకు? ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే వేరే కంప్యూటరు నుంచే, బోర్డు లోపలికి పోయి టైపు చేస్తే అక్షరం ఆగి ఆగి కనవడుతున్నదంటే చాలాసార్లు ఇదే రోగం. 2023లో వచ్చిన బుక్‌వార్మ్ అనే వెర్షన్ నుంచి రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో కనెక్షన్లను చూసుకునేది నెట్‌వర్క్‌మేనేజరే కాబట్టి, దాని కమాండు ఎన్ఎంసీఎల్ఐతో ఆ కనెక్షన్‌కు వైఫై పవర్‌సేవ్ విలువను 2 చేయాలె. సున్నా అంటే ఆఫ్ అనుకునేరు, నేనూ అట్లనే అనుకొని ఒక దినం పాడు చేసుకున్న. సున్నా అంటే డీఫాల్టు ఏదుంటే అదే వాడుమని, 3 అంటే ఆన్, 2 అంటే ఆఫ్.

ఇది చేసినంక పింగ్ (బోర్డుకు సందేశం పోయి జవాబు వచ్చే టైము) మూడు నాలుగు వందల మిల్లీసెకన్ల నుంచి పదిలోపుకు దిగింది. సగం గెలిచిన. కానీ కనెక్షన్ తెగుడు ఆగలేదు. సిగ్నల్ చూపే ఐడబ్ల్యూ లింక్ కమాండు కొడితే డబ్బా మూత తీసినప్పుడు సిగ్నల్ మైనస్ 63 డీబీఎం, మూస్తే మైనస్ 81; సున్నాకు ఎంత దగ్గరుంటే అంత బలం. మైనస్ 80 కన్నా కిందికి దిగితే ఏ సెట్టింగూ ఆదుకోదు. రేకు డబ్బాల కూసున్న రేడియోకు ఏం వినవడ్తది?

అప్పుడు యాంటెన్నా ఉన్న యూఎస్‌బీ డాంగిల్ (యూఎస్‌బీకి గుచ్చే వేరే వైఫై రేడియో) కొన్న. యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో యాంటెన్నాను డబ్బా బయట పెడితే సిగ్నల్ దర్జాగా మైనస్ 58కి వచ్చింది. కానీ ఆ చిప్పును నడిపే డ్రైవరు కెర్నెల్లో, అంటే లినక్స్ ఓఎస్ గుండెకాయల, లేదు, విడిగా కంపైల్ చేసి ఎక్కించాలె. ఎక్కించిన. నెల తిరగకముందే అప్‌డేట్‌లో కెర్నెల్ మారింది, డ్రైవరు మాయం. మే నెల ఎండల మానిటరు, కీబోర్డు మోసుకొని స్లాబు మీదికి ఎక్కిన. కొనేముందు డబ్బా మీది కంపెనీ పేరు కాదు, లోపలి చిప్పు పేరు చూడాలె. మీడియాటెక్ ఎంటీ7601యూ అయితే 2015లో వచ్చిన 4.2 నుంచి కెర్నెల్లోనే డ్రైవరు ఉన్నది, పెట్టంగనే నడుస్తది. ఇంకోటి: పై 4లో డాంగిల్‌ను యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు పక్కన గుచ్చొద్దు, దాని రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద పడ్తది.

ఆఖరుకు వైరుకే వచ్చిన. మా ఇంటికి 22 మీటర్ల క్యాట్6 ల్యాన్ వైరు సరిపోయింది. వంద మీటర్ల దాకా ఏ ఢోకా లేదు. ఎలక్ట్రీషియన్ అన్న మోటరు వైరున్న పైపులనే గుంజుదామన్నడు.

"వద్దన్నా, కరెంటు వైరుతోని కలపొద్దు. వేరే పైపు వెయ్యి."

"ఏమైతది తమ్మీ, రెండూ వైర్లే కదా?"

లోపల తోలు ఎక్కడన్న ఊడితే 230 వోల్టులు రౌటర్లకు, అక్కడినుంచి మన చేతికి వస్తయని చెప్తే ఒప్పుకున్నడు. ముప్పావు ఇంచు పీవీసీ పైపు కింది నుంచి డబ్బా దాకా వేసినం, నడుమ జానెడు వైరు కూడా బయట కనవడకుండా. కనవడ్డదంటే కోతులు ఊయల ఊగుతయి, మా వాడకట్టుల డిష్ వైర్ల గతి చూస్తున్నం గదా. ఖర్చంతా పైపు, కూలీదే, వైరుది కాదు.

వైరుకు ఒక లోపం ఉన్నది, దాచుడెందుకు. స్లాబు మీదికి పోయిన రాగి తీగ ఉరుముల కాలంల ప్రమాదమే. ఆకాశం నల్లవడంగనే రౌటరు దిక్కు ప్లగ్గు పీకుత. అప్పుడు వైఫై అందుకుంటది, ఎందుకంటే రెండూ ఉన్నప్పుడు నెట్‌వర్క్‌మేనేజర్ వైరునే ముందు పట్టుకుంటది, అది లేకుంటే వైఫైకి పోతది. ఆ గంటసేపు మాత్రం మోటరు మీద ఓ కన్ను వేసి ఉంచుత.

సొంతిల్లు, కదలని బోర్డు అయితే నా ఓటు వైరుకే, పవర్‌సేవ్ ఎట్లాగూ ఆఫ్ చేసి. కిరాయి ఇంట్ల గోడకు మేకు కొట్టనియ్యరు కాబట్టి అక్కడ సరైన చిప్పున్న డాంగిలే దిక్కు. పై జీరో డబ్ల్యూ లాంటి చిన్న బోర్డులకు ల్యాన్ పోర్టే లేదు, వైరు కావాలంటే యూఎస్‌బీకి గుచ్చే ల్యాన్ పోర్టున్న ఓటీజీ అడాప్టరు కూడా కొనాలె. నా డాంగిలేమో తమ్ముని ల్యాప్‌టాప్‌కు ఇచ్చిన. దాంట్ల విండోస్ ఉన్నది, సక్కగనే నడుస్తున్నది.