కొండచీపురు అని చెప్పి రెల్లు అంటగట్టాడు, పిలకలు కొనేవాళ్లు జాగ్రత్త

పిలకలు అమ్మినాయన పేరు రాయను. గడ్డి మొక్కల వీడియోలు చూసేవాళ్లందరికీ ఆయన తెలుసు. ప్రతి వీడియోలో వెనక కొండ, పైన మబ్బు, నెత్తిన తలపాగా. ఆ తలపాగాకే నేను పడిపోయాను.

సాలూరు దగ్గర మాకు అర ఎకరం ఏటవాలు నేల ఉంది. అంతా రాళ్లు, చుక్క నీరు నిలవదు. మెత్తచీపుర్లు కట్టే గడ్డి, కొండచీపురుకు అలాంటి నేలే నప్పుతుంది. ఒకసారి నాటితే నాలుగైదేళ్లు ఆ దుబ్బు నుంచే పిలకలు లేస్తాయి, వేళ్లు వాలు మట్టిని జారనివ్వవు, ఆకు పశువుల మేతకు పనికొస్తుంది. మేఘాలయలోనూ, అస్సాంలోని కర్బీ ఆంగ్లాంగ్‌లోనూ కొండవాలుల్లో దీన్ని పంటగా వేస్తారు. మన పాడేరు, సీతంపేట కొండల నుంచి వచ్చే మెత్తచీపుర్లు కూడా ఇవే. ఇదంతా చదివాను. పక్కనే ఉన్న కొండెక్కి ఒక్క దుబ్బు చూసి రావాలని మాత్రం తోచలేదు. అంత తెలివి నాది.

500 పిలకలు, ఒక్కొక్కటి 14 రూపాయలు, లారీ కిరాయి వేరే. జూన్‌లో తొలకరి పడగానే దిగాయి. జానెడు మాత్రం మిగిల్చి ఆకులన్నీ కోసేసి ఉన్నాయి. పిలకలు నాటేముందు ఆకు కోయడం రివాజే కాబట్టి అనుమానపడలేదు. రెండు మీటర్లకొక గుంత తీయించి నాటించాను.

ఆగస్టులో కలుపుకు వచ్చిన ఒక పెద్దావిడ పని ఆపి, "ఇది రెల్లులా ఉంది బాబూ" అంది. "నీ పని నువ్వు చూసుకో అమ్మా" అన్నాను. ఆ మాట ఇప్పుడు నా చెవిలోనే మోగుతోంది.

దసరాకల్లా తోటంతా తెల్లగా పూసింది. శరత్తులో రెల్లు పూస్తుందని చిన్నప్పుడు వాచకంలో చదువుకున్నవాణ్ని. కొండచీపురు వెన్ను, అంటే పూత కంకి, తీసేది చలికాలంలో అనీ, కోత సంక్రాంతి దాటాక అనీ తెలిసినవాణ్ని. అయినా నాకేమనిపించిందో తెలుసా? మా నేల సారం అంత గొప్పదనిపించింది! ఫొటో తీసి ఆయనకే పంపి, "మీ దయ వల్ల ముందే పూత వచ్చింది సార్" అని కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నాను.

మర్నాడు ఆ ఫొటో ఆయన ప్రకటనలో ఉంది. "నాలుగు నెలల్లో పూత, రైతు ఆనందం."

మొన్న ఆదివారం ఒక వెన్ను కోసుకుని సంతకు వెళ్లాను. చీపుర్లు కట్టే ఆవిడ దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. ఊదితే దూది ఎగిరినట్టు ఎగిరిపోయింది. పక్కవాళ్లు నవ్వారు. అక్కడే నిలబడి ఫోను చేశాను.

మొదట నన్ను గుర్తుపట్టనట్టు మాట్లాడాడు. ఫొటో సంగతి ఎత్తాక, "ఆ, బాగా పూసింది కదా!" అన్నాడు. అది రెల్లు అన్నాను. ఒక్క క్షణం ఆగలేదు, తడబడలేదు. "గడ్డి అడిగారు, గడ్డి ఇచ్చాను. చీపురు కట్టుకుంటారో ఇల్లు కప్పుకుంటారో మీ ఇష్టం" అన్నాడు. అని నవ్వాడు. వెనక ఇంకెవరో కూడా నవ్వారు. డబ్బు సంగతి అడిగేలోపు ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత నా నంబరు నుంచి కాల్ వెళ్లడం లేదు.

పోయిన ఏడు వేలకు అంత బాధ లేదు. రెల్లు వేరు లోతుకు పాకుతుంది, తెగిన ముక్క మిగిలినా మళ్లీ లేస్తుంది. డబ్బిచ్చి నాటించుకున్న దాన్ని ఇప్పుడు మళ్లీ డబ్బిచ్చి తవ్వించుకోవాలి. ఆ పెద్దావిడనే పిలవాలి. ఏ ముఖం పెట్టుకుని పిలవను?

కొనేవాళ్లకు ఒక్క మాట. ఆకు కోయని దుబ్బు ఒకటైనా చూపించమనండి. కొండచీపురు ఆకు వెదురాకులా ఉండి, అంతకంటే బాగా వెడల్పుగా, మొదట్లో కాండాన్ని చుట్టుకుని ఉంటుంది. సన్నగా, పొడుగ్గా, నడుమ తెల్లటి ఈనెతో, అంచు వేలు కోసేలా ఉంటే అది రెల్లు. అసలు కొండ మీద తెలిసిన రైతు దగ్గరే వేరుతో సహా పిలకలు తీయించుకోవడం మేలు. మొదటి ఏడాది పెద్దగా రాబడి ఉండదు, కాబట్టి నాలుగు నెలల్లో పూత అన్నవాణ్ని అక్కడే వదిలేయండి.

ఆయనకు ఈపాటికే అడ్వాన్సు కట్టినవాళ్లు ఉంటే, తోట ఫొటో పంపినప్పుడు కాస్త పరీక్షగా చూడండి. నీలం నీళ్ల ట్యాంకు, దాని నీడలో చెవి తెగిన ఎర్ర కుక్క కనిపిస్తే అది మా తోటే.