యానాం పెట్రోలు: చవకే, కానీ కొలత?

మాది మురమళ్ళ. కొన్నేళ్లుగా స్కూటర్‌కి పెట్రోలు యానాంలోనే కొట్టిస్తున్నాను. యదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటితే చాలు, పుదుచ్చేరి కిందికొచ్చే యానాం. గోదావరికి రెండు పక్కలా అవే కంపెనీల బోర్డులు, అదే పెట్రోలు. ఇవతల ఆంధ్రాలో మాత్రం లీటరుకు పది రూపాయల పైనే ఎక్కువ. మనకి 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఈ లెక్క తెలిసినప్పటి నుంచీ మా వైపు బంకుల్లో రేటు బోర్డు చూస్తే ఒళ్లు మండుతుంది. పాపం అందులో డీలరు చేసేదేమీ లేదనుకోండి.

ఇన్నాళ్లూ కనబడినవాళ్లందరికీ యానాం వెళ్లమనే చెప్పాను. ఇప్పటికీ చెప్తాను, కాకపోతే ఈ ముక్క కూడా కలిపి.

ఆ మధ్య స్కూటర్ మైలేజీ బాగా పడిపోయింది. అనుమానం వచ్చి, ఎప్పుడూ వెళ్లే బంకులోనే అయిదు లీటర్ల కొలత క్యాన్ తెమ్మన్నాను. అడిగితే చూపించాలి, అది రూలు. పైపు పట్టుకున్న కుర్రాడు నావైపు చూడకుండానే, "క్యాన్ లోపల గదిలో ఉందండి, తాళం మేనేజరు గారి దగ్గరుంది" అన్నాడు. వెనక ఆటో ఆయన హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. "ఏవండీ, కొట్టించుకుంటే కొట్టించుకోండి, లేదంటే పక్కకి జరగండి!" జరిగాను, వెళ్లిపోలేదు. ఎండలో చాలాసేపు నిలబెట్టాక మేనేజరు వచ్చాడు. క్యాన్ మీద దుమ్ము గుడ్డతో తుడిచి, తూనికలు కొలతల శాఖ ముద్ర చూపించి, మీటరు జీరో చేయించి అయిదు లీటర్లు పట్టించాడు. నురగ అణిగాక మెడ దగ్గర గీత చూస్తే 20 మిల్లీలీటర్లు తక్కువ.

"25 దాకా లిమిట్ ఉందండి" అన్నాడు. నిజమే, అయిదు లీటర్లకి అంత తేడా ఒప్పుకుంటారు. డబ్బుల్లో చూస్తే రెండు రూపాయలు. పెట్రోలు మళ్లీ వాళ్ల ట్యాంకులోనే పోసేశారు. మోసం జరిగిందని అనలేను. మరి తప్పేమీ లేనప్పుడు తాళం కథ ఎందుకు? నాకు మండేది అక్కడే. అప్పటి నుంచి నన్ను చూడగానే ఆ కుర్రాడు బంకంతా వినబడేలా "జీరో చూసుకోండి సార్" అని అరుస్తాడు. మైలేజీ సంగతి అడిగితే మా మెకానిక్, కొంత ఇథనాల్ కలపడం వల్ల, కొంత బండి వయసు వల్ల అన్నాడు. ఇథనాల్ వారధికి ఇవతలా ఉంది, అవతలా ఉంది.

2025 జనవరిలో పుదుచ్చేరి వాళ్లు కూడా వ్యాట్ పెంచారు. లీటరుకు రెండు రూపాయల దాకా పోయింది. అయినా నాకు లాభమే, ఎలాగూ పని మీద అటు వెళ్లేవాణ్ణి. కాకినాడ నుంచి కేవలం దీనికోసం కారేసుకుని వస్తే మాత్రం రానూపోనూ అరవై కిలోమీటర్లు, నాలుగు లీటర్లు దారికే పోతుంది. ముప్ఫై లీటర్లు కొట్టించినా చేతిలో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. దగ్గరలో ఉన్నవాళ్లయితే పొద్దున్నే వెళ్లండి, క్యూ తక్కువ. క్యాన్ అడిగినా వెనక హారన్ కొట్టేవాళ్లుండరు.