వైకల్య పింఛను అప్పీలు: ఏ వైద్య ఆధారం మేలు?

వైకల్య పింఛను తిరస్కరణకు గురై అప్పీలుకు వెళ్లే మాజీ సైనికులు, వారి ఇంటివారు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: సర్వీసు కాలపు మెడికల్ కాగితాలను ముందుపెట్టాలా, బయటి స్పెషలిస్టు చేత అభిప్రాయం రాయించుకోవాలా, లేక రివ్యూ మెడికల్ బోర్డు (మళ్లీ పరీక్షించే సైనిక వైద్యుల బృందం) కోరాలా? తిరస్కరణ లేఖలోని కారణాన్ని బట్టి జవాబు మారుతుంది. అయితే జబ్బుకూ సర్వీసుకూ సంబంధం లేదన్నదే కారణమైతే, సర్వీసు కాగితాలకు మించిన ఆధారం లేదని నా గట్టి నమ్మకం.

ఈ వివాదంలో రుజువు బాధ్యత ఎవరిదో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో తేల్చి చెప్పింది. ఆయన 1985లో సైన్యంలో చేరి, దాదాపు తొమ్మిదేళ్ల తర్వాత మూర్ఛ వ్యాధి కారణంగా సర్వీసు నుంచి తొలగింపబడ్డారు. చేరిన నాటి పరీక్షలో ఏ జబ్బూ నమోదు కాకపోతే ఆరోగ్యంగానే చేరినట్టు భావించాలని, తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల రాలేదని చూపవలసింది ప్రభుత్వమేనని, చేరేటప్పుడు దాన్ని గుర్తించడం సాధ్యం కాదని మెడికల్ బోర్డు అనుకుంటే అందుకు కారణాలు రాసి తీరాలని కోర్టు స్పష్టం చేసింది. కనుక రెండు కాగితాలు కీలకమవుతాయి: చేరిననాటి వైద్య పరీక్ష ఫారం, సర్వీసు ముగిసేటప్పుడు బోర్డు నింపిన ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 అనే ఫారం. ఈ రెండోదానిలో అభిప్రాయం రాసే గడిని నిదానంగా చదవాలి. 'శాంతి ప్రాంతంలో ఉండగా మొదలైంది, సర్వీసుతో సంబంధం లేదు' అన్న ధోరణిలో ఒక్క వాక్యం తప్ప అక్కడ మరేమీ ఉండని కేసులు ఎన్నో. ఏ వైద్య కారణంతో ఆ నిర్ణయానికి వచ్చారో చెప్పకుండా వదిలేసిన ఆ వెలితే అప్పీలుదారుకు అన్నింటికన్నా పెద్ద బలం. కాగితాలు చేతిలో లేనివారు సమాచార హక్కు చట్టం కింద రికార్డు ఆఫీసును అడగవచ్చు.

వీటికి తోడు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎక్కడ పనిచేశారో చూపే పోస్టింగుల వివరాలు జతచేయాలి. గుండె జబ్బు అయితే, అది బయటపడడానికి ముందు 14 రోజులు చేసిన విధుల వివరాన్ని బోర్డు పరిశీలిస్తుంది కాబట్టి ఆ కాగితం తప్పనిసరి. గాయమైతే ఐఏఎఫ్‌వై-2006 గాయం రిపోర్టే ప్రధానం.

బయటి స్పెషలిస్టు అభిప్రాయం మీద చాలామంది పెట్టుకునే ఆశ అతిగా ఉందనిపిస్తుంది. మెడికల్ బోర్డు అభిప్రాయానికి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2009లో దామోదరన్ కేసులో చెప్పింది; అలాంటప్పుడు సర్వీసు రికార్డు చూడని డాక్టరు 'ఒత్తిడి వల్ల వచ్చి ఉండవచ్చు' అని రాసిచ్చే రెండు పంక్తులకు బరువు ఉండదు. అదే డాక్టరు ఆసుపత్రిలో చేరిన తేదీలను, పరీక్షల ఫలితాలను ఉదహరిస్తూ, ఫలానా పోస్టింగు తర్వాత జబ్బు ఎలా ముదిరిందో వివరిస్తే మాత్రం, ముఖ్యంగా సర్వీసు వల్ల జబ్బు తీవ్రమైందన్న వాదనకు, అది నిజంగా అక్కరకొస్తుంది.

వైకల్యం 20 శాతం కన్నా తక్కువని తిరస్కరించినప్పుడు లెక్క వేరు. 2014 నాటి రామ్ అవతార్ తీర్పు ప్రకారం 20 శాతం కూడా 50 శాతంగా లెక్కకు వస్తుంది కనుక, 15కూ 20కీ మధ్య తేడా జీవితాంతపు పింఛనును నిర్ణయిస్తుంది. ఇక్కడ స్పెషలిస్టు తాజా పరీక్షలు, వాటి ఆధారంగా రివ్యూ మెడికల్ బోర్డు కోరడమే సరైన దారి. వీర్ పాల్ సింగ్ కేసులో మానసిక వ్యాధి నిర్ధారణే సందేహాస్పదంగా ఉన్నందున సుప్రీంకోర్టు స్వయంగా రివ్యూ బోర్డుకు పంపింది. సంబంధం లేదన్న తిరస్కరణలో మాత్రం రివ్యూ బోర్డును మొదటి అస్త్రంగా వాడకూడదు. కారణాలు లేని పాత అభిప్రాయం స్థానంలో కారణాలతో కూడిన కొత్త ప్రతికూల అభిప్రాయం వచ్చి చేరే ప్రమాదం ఉంది.

తోటి సైనికుల అఫిడవిట్లు ప్రమాదాల కేసుల్లో కొంత సాయపడతాయి, జబ్బుల కేసుల్లో అంతగా కాదు.

పై తీర్పులన్నీ పాత నిబంధనల కింద వచ్చినవి. 2023 సెప్టెంబరులో వచ్చిన కొత్త పింఛను అర్హత నిబంధనల తర్వాత సర్వీసు వీడినవారు తమ తిరస్కరణ లేఖ ఏ నిబంధనను ఉదహరించిందో చూసుకున్నాకే అప్పీలు రాయించుకోవాలి. సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లేవారు తుది ఉత్తర్వు నుంచి ఆరు నెలల గడువును గమనించాలి; గడువు దాటాక ఆలస్యాన్ని మన్నించినా, బకాయిలు మూడేళ్లకే పరిమితం కావచ్చు.