ట్రెమొలో బ్రిడ్జ్: ఉన్నదాన్ని బాగుచేసుకోవాలా, కొత్తది వేయించాలా?

గిటార్ బాడీ మీద తీగలు ఆనే భాగం బ్రిడ్జ్, స్వరాన్ని ఊపడానికి దానికి తగిలించే కడ్డీ ట్రెమొలో బార్. ఆ బార్ ఒక్కసారి నొక్కి వదిలితే శ్రుతి పోతుంది. తక్కువ ధర స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) తరహా ఎలక్ట్రిక్ గిటార్ కొన్నవాళ్లకు ఈ బాధ తెలుసు. అడిగిన ప్రతివాళ్లూ "బ్రిడ్జ్ మార్చెయ్" అంటారు. నేనైతే ముందు నట్ (మెడ పైచివర తీగలు గాడుల్లో కూర్చునే చిన్న పట్టీ) చూడమంటాను. ట్యూన్ చేసేటప్పుడు తీగ టింగుమని అంటోందంటే అది నట్ గాడిలో పట్టేస్తోందన్నమాట. బార్ వదిలాక తీగ మళ్లీ తన చోటికి జారలేదు. ఎంత ఖరీదైన బ్రిడ్జ్ పెట్టినా ఈ జబ్బు పోదు. గాడిలో పెన్సిల్ పొడి రాస్తే చాలాసార్లు తగ్గిపోతుంది. కొత్త తీగలు వేసినప్పుడు వాటిని చేత్తో లాగి సాగదీయడం కూడా మర్చిపోకూడదు.

తరువాత స్క్రూలు. 1954లో ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌తో వచ్చిన పాత పద్ధతిలో బ్రిడ్జ్‌ను ఆరు స్క్రూలు పట్టుకుంటాయి. ఆరింటినీ గట్టిగా బిగిస్తే అది కదల్లేక మొరాయిస్తుంది. చివరి రెండు ప్లేట్‌కు ఆనేలా ఉంచి, మధ్య నాలుగూ కొంచెం పైకి లేపితే చాలు, తేడా చేతికే తెలుస్తుంది.

ఇంత చేశాక కూడా డబ్బు పెట్టాలనిపిస్తే, నా ఓటు స్టీల్ బ్లాక్‌కే (బ్లాక్ అంటే బ్రిడ్జ్ కింద ఉండే లోహపు దిమ్మ). చవక గిటార్లలో బ్రిడ్జ్ కింది బ్లాక్ ఎక్కువగా జింక్ పోతపనిది. అయస్కాంతం అంటకపోతే స్టీల్ కాదని అర్థం. స్టీల్ వేశాక స్వరం ఎక్కువసేపు నిలిచినట్టు, లావు తీగలు స్పష్టంగా పలికినట్టు నా చెవికి అనిపించింది. గిటార్‌కు ఒక్క రంధ్రం కూడా కొత్తగా పెట్టక్కర్లేదు, నచ్చకపోతే పాతదే బిగించుకోవచ్చు. కొనేముందు మాత్రం స్కేలు తీయండి: చివరి స్క్రూల మధ్య దూరం కొన్నింటిలో 56 మిల్లీమీటర్లు, కొన్నింటిలో 52 దగ్గర ఉంటుంది. బాడీ పలచనిదైతే పూర్తి పొడవు బ్లాక్ వెనకనుంచి బయటికి పొడుచుకొస్తుంది.

ఆరు స్క్రూలకు బదులు రెండు లావు పోస్టుల మీద ఊగే బ్రిడ్జ్ సంగతి వేరు. కదలిక నిజంగా మెత్తగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆరు స్క్రూల గిటార్‌కు అది పెట్టాలంటే పాత రంధ్రాలు పూడ్చి, పోస్టులకు పెద్ద రంధ్రాలు తొలవాలి. ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా చివరి తీగ మెడ అంచు దాటి జారుతుంది. చేయి తిరిగిన పనివాడు దొరికితేనే ఆ సాహసం.

ఫ్లాయిడ్ రోజ్ అనే రకం ట్రెమొలో బ్రిడ్జ్ అయితే నట్ దగ్గరా శాడిల్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే చిన్న ముక్క) దగ్గరా తీగను బిగించేస్తుంది. బార్‌ను అడుగంటా తొక్కినా శ్రుతి నిలుస్తుంది. హెవీ మెటల్ సంగీతం వాయించేవాళ్లకు అదే కావాలి. మిగతావాళ్లకు తీగలు మార్చడమే అరపూట పని, పైగా ఒక తీగ తెగితే బాడీ వెనక ఉండే స్ప్రింగులు బ్రిడ్జ్‌ను వెనక్కి లాగి మిగతా తీగలన్నింటి శ్రుతీ పెంచేస్తాయి. మామూలు గిటార్‌కు పెట్టాలంటే సాధారణంగా చెక్క తొలిపించాలి. బార్‌ను అప్పుడప్పుడు తాకేవాళ్లు దాని జోలికి పోవద్దు.

బార్ కిందికి మాత్రమే నొక్కేవాళ్లు వెనక క్లా (ఆ స్ప్రింగులు తగిలించే కొక్కెం) స్క్రూలు బిగించి, బ్రిడ్జ్‌ను బాడీకి ఆనించేయండి. ఒక తీగను బెండ్ చేసినప్పుడు (స్వరం పెంచడానికి వేలితో పక్కకు లాగినప్పుడు) మిగతా తీగల శ్రుతి దిగజారదు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఏ బ్రిడ్జ్ అయినా చెమటను ఓర్చుకోదు. మా విశాఖ గాలికి శాడిల్ స్క్రూలు తుప్పు పట్టి, అలెన్ కీ తిరక్క అంచులు అరిగిపోయిన గిటార్ నా దగ్గరే ఉంది. అందుకే ఇప్పుడు వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడుస్తాను, తీగలు మార్చినప్పుడు స్క్రూలకు ఒక చుక్క పలచటి నూనె అద్దుతాను. రెండు పోస్టులదైతే ఎత్తు సరిచేసేముందు తీగలు వదులు చేయండి. బిగువు మీద తిప్పితే, పోస్టుకు ఆనే ప్లేట్ అంచు మొద్దుబారుతుంది, ఆ తరువాత శ్రుతి నిలవదు.