గుండె లయ జీన్ ప్యానెల్ టెస్టు: వంద జీన్లు చూస్తే ఏం ఒరుగుతుంది?

గుండె లయ తప్పే వంశపారంపర్య జబ్బులకి కారణమైన జీన్ మార్పుల్ని వెతికే ఈ టెస్టు మంచిదే, కాకపోతే ఈసీజీ తర్వాతే దీని వంతు. లాంగ్ క్యూటీ (ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి, అంటే గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమయ్యే సమయం, సాగిపోయే జబ్బు) స్పష్టంగా ఉన్నవాళ్లలో నూటికి 75 మంది దాకా కారణమైన మార్పు దొరుకుతుంది. బ్రుగాడా అనే మరో లయ జబ్బులో ఆ సంఖ్య 20 దగ్గరే ఆగుతుంది. ఏ లక్షణమూ లేనివాళ్లు ఊరికే తెలుసుకుందామని చేయించుకుంటే చాలాసార్లు మిగిలేది అనుమానమే.

ముందు క్యూటీసీ (గుండె వేగాన్ని బట్టి సరిదిద్దిన క్యూటీ) సరిగ్గా లెక్కకట్టారో లేదో చూడాలి. క్యూటీ 360 మిల్లీసెకన్లు, గుండె వేగం నిమిషానికి 100 అనుకోండి. మెషీన్ వాడే బాజెట్ సూత్రం 465 చూపిస్తుంది, ఫ్రిడెరీషియా సూత్రంతో అదే 427. వేగం ఎక్కువున్నప్పుడు బాజెట్ పెంచి చెబుతుంది. ఆ 465ని పట్టుకుని జీన్ టెస్టుకి పరుగెత్తడం దండగ. నిదానంగా ఉన్నప్పుడు ఇంకో ఈసీజీ తీసి, అందులో లీడ్ 2 గీతలోనో వీ5 గీతలోనో చేత్తో కొలవాలి.

ఇక జీన్ల సంఖ్య. "100కి పైగా జీన్లు" అని గొప్పగా రాస్తారు. ఏ జీన్‌కి ఏ జబ్బుతో సంబంధం ఎంత గట్టిదో తేల్చే క్లిన్‌జెన్ బృందం 2020లో లాంగ్ క్యూటీకి కారణమని చెప్పుకునే 17 జీన్లను మళ్లీ పరిశీలిస్తే, మామూలు లాంగ్ క్యూటీకి గట్టి ఆధారం నిలిచింది కేసీఎన్‌క్యూ1, కేసీఎన్‌హెచ్2, ఎస్‌సీఎన్5ఎ మూడింటికే. పసితనంలోనే వచ్చే తీవ్రమైన రకానికి కాల్మాడ్యులిన్ జీన్లు కూడా ప్యానెల్‌లో ఉండాలి. బ్రుగాడాకి 2018లో 21 జీన్లు చూస్తే ఎస్‌సీఎన్5ఎ ఒక్కటే నిలబడింది. మిగతా జీన్లు చేర్చిన కొద్దీ జబ్బులు తేలవు, "అర్థం తేలని మార్పు" అనే వీయూఎస్ వరసలు పెరుగుతాయి. చిన్న ప్యానెలే మేలు.

నిజమైన లోటు ఇంకోచోట ఉంది. ఒక మార్పు అరుదా కాదా అన్నది ఎవరి డీఎన్‌ఏతో పోల్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ పోలిక పట్టికల్లో ఐరోపా మూలాలవాళ్లే ఎక్కువ. ఎస్‌సీఎన్5ఎలో 1103వ చోట సెరీన్ అనే అమైనో ఆమ్లం బదులు టైరోసిన్ వచ్చే మార్పునే తీసుకోండి. ఆఫ్రికన్ అమెరికన్లలో దాదాపు 13 శాతం మందికి ఉంది, ఐరోపా పట్టికలో మాత్రం మహా అరుదుగా కనిపిస్తుంది. ఒంటరిగా దాని ప్రభావం చిన్నదే. పొటాషియం తగ్గినప్పుడో క్యూటీ పెంచే మందు పడినప్పుడో లయ తప్పే ముప్పు పెరుగుతుంది. రిపోర్టు దీన్ని ఒట్టి "జబ్బు మార్పు" అన్నా, "ఏమీ కాదు" అన్నా రెండూ తప్పే.

ఇంకో తిరకాసు: అదే జీన్ ప్రమోటర్‌లో (జీన్ ఎంత పనిచేయాలో నియంత్రించే భాగంలో) ఆరు మార్పులు గుంపుగా కలిసి వచ్చే హాప్లోటైప్ బి. 2006 నాటి అధ్యయనంలో ఆసియా నమూనాల్లో దీని వాటా 22 శాతం, తెల్లవాళ్లలోనూ నల్లవాళ్లలోనూ కనపడలేదు. అది ఉంటే గుండెలో విద్యుత్ ప్రసారం నెమ్మదిస్తుంది, ఈసీజీలో ఆ ప్రసారాన్ని కొలిచే పీఆర్, క్యూఆర్‌ఎస్ వ్యవధులు సాగుతాయి. ప్యానెల్ సాధారణంగా చదివేది ఎక్సాన్లనే (జీన్‌లో ప్రొటీన్ తయారీ సమాచారం ఉండే ముక్కల్నే) కాబట్టి ఇది దాని కంటికే ఆనదు.

ఆర్డరు ఇచ్చేముందు ల్యాబును మూడు అడగాలి. ప్రతి ఎక్సాన్‌నీ కనీసం 20 సార్లు చదువుతారా? కేసీఎన్‌హెచ్2లో జీసీ (డీఎన్‌ఏలోని జీ, సీ అక్షరాలు) ఎక్కువున్న చోట్ల చదువు పలచబడుతుంది, అక్కడ సాంగర్ అనే పాత డీఎన్‌ఏ చదివే పద్ధతితో పూరిస్తారా? మొత్తం ఎక్సానే పోయిన కేసులు పట్టుకుంటారా? మూడోదానికి "లేదు" అంటే వేరే ల్యాబు చూసుకోవడం నయం. శాంపిల్ ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులో 3 నుంచి 5 మిల్లీలీటర్ల రక్తం. ఉమ్మి ఇస్తే అరగంట ముందునుంచి తినకూడదు, తాగకూడదు. ఎముక మజ్జ మార్పిడి అయినవాళ్ల రక్తంలో వచ్చేది దాత డీఎన్‌ఏ, ఆ సంగతి ల్యాబుకి ముందే చెప్పాలి.

పాజిటివ్ వస్తే పని తేలికవుతుంది. కేసీఎన్‌క్యూ1 అయితే ఈత, గట్టి వ్యాయామం దగ్గర జాగ్రత్త. కేసీఎన్‌హెచ్2 అయితే ఉలిక్కిపడేలా హఠాత్తుగా మోగే అలారాన్ని పడకగదిలోంచి తీసేయాలి. వీయూఎస్ ఒక్కదాని మీద మందుగానీ డీఫిబ్రిలేటర్ (షాకిచ్చి లయ సరిచేసే పరికరం) గానీ పెట్టించకూడదు. ముందు తల్లిదండ్రుల ఈసీజీలు తీసి, వాళ్లలో క్యూటీ సాగినవాళ్లకే ఆ మార్పు ఉందో లేదో చూడాలి. ఏడాదో రెండేళ్లో అయ్యాక అదే మార్పును మళ్లీ వర్గీకరించమని ల్యాబుకి రాయాలి. చాలా ల్యాబులు అడిగితేగానీ చూడవు.