పాత క్యూబెక్‌లో రేడియేటర్ ఉన్న గది: ఆరు బసల తర్వాత

హోటల్ గదిలోకి అడుగుపెట్టగానే మా ఆవిడ బాత్రూమ్ చూస్తుంది, పాప మంచమెక్కి గెంతుతుంది. నేను కిటికీ కిందికి వెళ్లి రేడియేటర్ మీద, అంటే గదిని వెచ్చగా ఉంచే ఇనుప పెట్టె మీద, చెయ్యి పెడతాను. ముందు అడుగున, తర్వాత పైన. ఈ అలవాటు నాకు కెనడాలోని క్యూబెక్ సిటీలోనే అంటుకుంది. ఎందుకంటుకుందో చెప్పడానికే ఇదంతా.

మేముండేది మాంట్రియల్. కారులో మూడు గంటల దూరం. 2019 డిసెంబరులో మొదటిసారి వెళ్లాం, మొన్న 2025 జనవరిలో ఆరోసారి. ఆరుసార్లూ ఒకటే హోటల్. కోటలా కనిపించే పెద్ద హోటల్ షాటో ఫ్రోంటెనాక్ పక్కన గవర్నర్ల తోట అని చిన్న పార్కు ఉంది కదా, దాని చుట్టుపక్కల పాత ఇళ్లు కొన్ని చిన్న హోటళ్లయ్యాయి. మాది అందులో ఒకటి. పేరు రాయను, కారణం చదివితే తెలుస్తుంది. 1608లో షాంప్లేన్ ఈ ఊరికి పునాది వేయడం, కోట గోడలు, యునెస్కో గుర్తింపు, ఇవన్నీ ఎవరిని అడిగినా చెప్తారు. వదిలేస్తున్నా.

మా అపార్ట్‌మెంట్లో గోడ అడుగున పొడుగ్గా ఉండే కరెంటు హీటర్లు. క్యూబెక్ రాష్ట్రంలో జలవిద్యుత్తు చవక కాబట్టి ఎక్కువ ఇళ్లలో అవే కనిపిస్తాయి. ఆన్ చేస్తే భగ్గున వేడి, ఆపితే పది నిమిషాల్లో చలి. ఆ పాత హోటల్లో మాత్రం నేలమాళిగలో బాయిలర్, అక్కణ్నుంచి గొట్టాల్లో వేడినీళ్లు, ప్రతి గదిలో కిటికీ కింద పోత ఇనుము రేడియేటర్. లేత పసుపు రంగు పెయింటు పొరలు పొరలుగా వేసి ఉంటుంది. ఒక్కోటి మన పాత బీరువా అంత బరువుంటుందేమో. దాని వేడి మెల్లగా వస్తుంది, మెల్లగా పోతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచినా గది అదే వెచ్చదనంతో ఉంటుంది. హోటల్ యజమాని మేడమ్ దాన్ని రేడియేటర్ అనదు, ఇక్కడివాళ్ల మాటలో కలోరిఫేర్ అంటుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు షాటో ముందున్న డఫ్రిన్ టెర్రస్ అనే చెక్క నడకదారి మీద మంచు జారుడుబండ ఎక్కాం. 1884 నుంచీ ఉన్న ఆట అది. చెక్క బండి మీద కూర్చుని జారిపోవడమే. దిగేసరికి గ్లోవ్స్, సాక్సులు, మఫ్లరు అన్నీ తడిసి ముద్ద. గదికొచ్చి అన్నీ రేడియేటర్ మీద పరిచాం. పొద్దున లేచేసరికి అప్పడాల్లా ఎండి ఉన్నాయి. చలికాలంలో ఈ ఊరికి వచ్చేవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. తడి గ్లోవ్స్‌తో రెండో రోజు ఎవరూ తిరగలేరు.

2022లో మూడోసారి వెళ్లొచ్చాక ఒక సమీక్ష రాశాను. 'ఏ గది తీసుకున్నా వెచ్చగా ఉంటుంది, రాత్రి పూట చప్పుడే ఉండదు' అని. ఆ వాక్యంలో రెండు ముక్కలున్నాయి. రెండూ కొంచెం సవరించుకోవాలి.

చప్పుడు సంగతి చిన్నది. గొట్టాలు వేడెక్కేటప్పుడు టక్ టక్ మంటాయి. నీళ్లలో గాలి చేరితే కడుపులో గుడగుడలాడినట్టు శబ్దం. నాకు నిద్ర పట్టేస్తుంది, మా ఆవిడకు పట్టదు. కాబట్టి 'చప్పుడే ఉండదు' అన్నది నా నిద్ర గురించి రాసిన మాట.

'ఏ గది తీసుకున్నా' అన్నది పెద్ద పొరపాటు. అప్పటిదాకా మేము మూడుసార్లూ ఉన్నది మధ్య అంతస్తులో.

2022 ఆగస్టులో మా ఆవిడ కాన్పు కోసం అమ్మ సామర్లకోట నుంచి వచ్చింది. సెప్టెంబరులో పాప పుట్టింది. ఫిబ్రవరి చివర్లో అమ్మ తిరుగు ప్రయాణం. ఈలోగా ఒక్కసారైనా ఈ ఊరి చలికాలపు పండుగ వింటర్ కార్నివాల్ చూపించాలని 2023 ఫిబ్రవరి మొదటి వారాంతానికి మూడు రాత్రులు బుక్ చేశాను. అక్టోబరులో చేస్తేనే మిగిలింది ఒక్క గది, పైకప్పు కింది గది. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాని రేటు. కొంచెం చవకని కక్కుర్తిపడ్డాను.

గురువారం సాయంత్రం చేరాం. అమ్మ మెట్లు చూసి ఏమీ అనలేదు, మోకాళ్లే అన్నాయి. లిఫ్టు లేదు. ఇలాంటి పాత ఇళ్లలో చాలావాటికి ఉండదు. బుక్ చేసేటప్పుడు అడిగి తీరాలి. కానీ గదిలోకి వచ్చాక రేడియేటర్ మీద చెయ్యి పెట్టి అమ్మ మొహం విప్పారింది. "ఇది మన పెరట్లో రాగి బాయిలర్ లాంటిదేరా, మంట మాత్రం కింద పెట్టి నీళ్లు ఇక్కడికి పంపిస్తున్నారు" అంది. నాకు ఇంటర్నెట్లో అరగంట చదివితే అర్థమైంది ఆవిడకు అర నిమిషంలో అర్థమైంది. ఆ రాత్రే దెపనేర్‌లో, అంటే సందు చివరి కిరాణా కొట్లో, పాలు కొనుక్కొచ్చి, ఇంటి నుంచి తెచ్చిన పెరుగుతో తోడుపెట్టి, గిన్నెను తువ్వాల్లో చుట్టి రేడియేటర్ పక్కన కిటికీ గట్టు మీద పెట్టింది. మాంట్రియల్లో చలికాలమంతా ఆవిడకు పెరుగు సరిగ్గా తోడుకోలేదు. పొద్దున చూస్తే గిన్నె వంచినా కదలని గడ్డ పెరుగు! అమ్మకు షాటో కన్నా అదే నచ్చింది.

శుక్రవారం చలి ముదిరింది. ఆ వారాంతం ఇక్కడివాళ్లు కూడా 'ఫ్రెట్' అన్నారు. మామూలు చలికి ఆ మాట వాడరు, ఎముకలు కొరికే చలికే. మైనస్ 30కి దగ్గర్లో ఉంది, గాలి సరేసరి. బొనోమ్‌ని, అంటే ఎర్ర టోపీ పెట్టుకున్న కార్నివాల్ మంచుమనిషిని, అమ్మకు దూరం నుంచి చూపించి వెనక్కి వచ్చేశాం. గవర్నర్ల తోటలో రాతి స్తంభం దగ్గర మాత్రం అమ్మ ఆగింది. 1759 యుద్ధంలో గెలిచిన బ్రిటిష్ సేనాని వుల్ఫ్‌కీ ఓడిన ఫ్రెంచ్ సేనాని మోంకామ్‌కీ, ఇద్దరికీ కలిపి ఒకే స్మారకం అని చెప్పాను. "ఇద్దరూ పోయారుగా, ఇంక తగువేముంది" అని నడిచింది.

రాత్రి పదకొండున్నరకు పాప ఏడుస్తోంది. ముక్కు తాకితే చల్లగా ఉంది. అమ్మ చీకట్లోనే లేచి రేడియేటర్ మీద చెయ్యి పెట్టింది. పైన పెట్టింది, కింద పెట్టింది. "ఒరేయ్, ఇది చచ్చిపోయిందిరా" అంది. పాప మానిటర్‌లో గది ఉష్ణోగ్రత 15 చూపిస్తోంది. అరగంటలో 14.

రిసెప్షన్ రాత్రి తొమ్మిదికే మూసేస్తారు. తలుపు మీద ఒక ఫోన్ నంబరు ఉంటుంది, అంతే. మూడోసారి చేస్తే మేడమ్ ఎత్తింది. నదికి అవతల లెవీలో ఉంటుంది. నా ఫ్రెంచ్ ఆఫీసు మీటింగులకు సరిపోయే ఫ్రెంచ్. అర్ధరాత్రి పసిపిల్ల ఏడుస్తుంటే సరిపోయే ఫ్రెంచ్ కాదు. మొత్తానికి అర్థమైంది. మెట్ల కింది అల్మారాలో రెండు కరెంటు హీటర్లు ఉన్నాయి, తెచ్చుకో, ప్లంబర్ పొద్దున వస్తాడు అంది. 'నువ్వు' అనే అంది, ఇక్కడివాళ్లు పరిచయమైన కాసేపటికే 'తు' లోకి దిగిపోతారు. ఆ సమయంలో నాకు మర్యాద కాదు, వేడి కావాలి.

మొదటి హీటర్ పెట్టాం. బాగానే ఉంది. రెండోది పెట్టాను. టప్. గదంతా చీకటి. ఒక్కో హీటర్ 1500 వాట్లు, ఇక్కడ లైను 120 వోల్టులు, అంటే ఒక్కటే పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది. బ్రేకరేమో 15 ఆంపియర్లది. ఇంజనీరింగ్ చదివినవాణ్ని, ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఫోన్ లైటు పట్టుకుని నేలమాళిగకు దిగి, నాలుగు పెట్టెలు వెతికి, బ్రేకర్ పైకెత్తి వచ్చేసరికి పావుగంట. మధ్య అంతస్తు దాటుతుంటే గోడవారనున్న రేడియేటర్‌కు చెయ్యి తగిలింది. కాలిపోతోంది! ఆ తలుపుల వెనక అందరూ హాయిగా గురకపెడుతున్నారు. అప్పుడొచ్చింది కోపం. చలికి కాదు, ఒక ఇంట్లోనే రెండు రుతువులున్నందుకు.

మళ్లీ మేడమ్‌కి ఫోన్ చేశాను. ఈసారి ఆవిడే, కింద టిఫిన్ గది తాళం నంబరు ఇచ్చి, అక్కడ రెండు పెద్ద కలోరిఫేర్లు ఉన్నాయి, పరుపు దింపుకోండి అంది. ఆ ఇరుకు మెట్ల మీద పరుపు దించడం ఒక కథ. టేబుళ్లు జరిపి, పరుపు వేసి, అమ్మనీ పాపనీ పడుకోబెట్టి, నేనూ మా ఆవిడా కుర్చీల్లో కూర్చున్నాం. పొద్దున ఏడింటికి టిఫిన్‌కు వచ్చినవాళ్లకు మధ్యలో పరుపు మీద చీర కట్టుకున్న పెద్దావిడ పిల్లకు నూనె రాస్తూ కనబడింది. ఎవరూ విసుక్కోలేదు. ఒకాయన తన కాఫీ కప్పు తీసుకుని మెట్ల మీద కూర్చుని తాగాడు.

ప్లంబర్ వచ్చాడు. కారణం చెప్తే నవ్వొచ్చింది. బాయిలర్‌లో నీళ్ల పీడనం పడిపోయింది. పీడనం చాలకపోతే నీళ్లు పై అంతస్తు దాకా ఎక్కవు. గొట్టాల్లోని గాలి కూడా పైకే వెళ్లి, పై రేడియేటర్లలోనే కూర్చుంటుంది. అంటే వ్యవస్థలో ఎక్కడ తేడా వచ్చినా ముందు నష్టపోయేది పైకప్పు కింది గదే. నీళ్లు నింపి, పైకొచ్చి, రేడియేటర్ చివర చిన్న మరను ఇంకా చిన్న తాళంచెవితో తిప్పాడు. స్‌స్‌స్ మని గాలి, తర్వాత చిటపటమని నల్లటి నీళ్లు. పదకొండింటికి గది మళ్లీ వెచ్చబడింది. అమ్మ సాయంత్రం మళ్లీ తోడుపెట్టింది.

ఆ రాత్రి డబ్బులు మేడమ్ బిల్లులోంచి తీసేసింది. మిగతా రెండు రాత్రులకు తగ్గించమని నేనడగలేదు, ఆవిడ ఇవ్వలేదు. ఇప్పటికీ నా గుర్రు రేడియేటర్ మీద కాదు, మైనస్ 30లో రాత్రంతా హోటల్లో ఒక్క మనిషి లేకపోవడం మీద. వెళ్లేటప్పుడు మాత్రం ఆవిడ సొరుగులోంచి ఒక తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. ప్లంబర్ వాడినలాంటిదే, బొటనవేలంత ఇత్తడి ముక్క.

తర్వాత 2024 జులైలో వెళ్లాం. వేసవి సంగీతోత్సవం రోజులు, రేట్లు ఆకాశంలో. ఏసీ లేదు, రేడియేటర్ మీద టోపీలు పెట్టుకోవడం తప్ప ఉపయోగం లేదు. కచేరీలు జరిగే అబ్రహాం మైదానం నుంచి పాటలు కిటికీలోకి వస్తాయి, దోమలూ వస్తాయి. వేసవిలో వెళ్లేవాళ్లు కొత్త హోటల్ చూసుకోండి, ఏసీ ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి.

కొన్ని ముక్కలు పనికొస్తాయేమో చెప్తాను. వెబ్‌సైట్‌లో కనిపించే గది రేటు మీద బస పన్ను, మిగతా పన్నులు కలిపి దాదాపు 19 శాతం పడుతుంది, లెక్కలో వేసుకోండి. రైల్లో వచ్చేవాళ్లు దిగేది దిగువ పట్నంలో, సూట్‌కేసుతో ఎగువకు ఎక్కే సాహసం చేయకండి. టాక్సీ ఎక్కండి. దిగువన పెటి షాంప్లేన్ వీధి నుంచి పైకి ఫ్యూనిక్యులర్, అంటే కొండవాలు మీద పట్టాలపై ఎక్కే లిఫ్టులాంటి బండి, ఉంది. పెద్దవాళ్లతో ఉంటే ఆ డబ్బు గురించి ఆలోచించకండి, పక్కనున్న మెట్లకు 'మెడవిరుపు మెట్లు' అని ఊరికే పేరు రాలేదు. చలికాలంలో కారు వీధిలో పెట్టినప్పుడు నారింజ దీపాలు మినుకుమంటుంటే ఆ రాత్రి మంచు తీస్తారని అర్థం, కారు అక్కడ ఉంచితే లాక్కెళ్తారు. ఫ్రెంచ్ నేర్చుకుని వచ్చేవాళ్లకు ఇంకొకటి: ఇక్కడ 'దేజునే' అంటే పొద్దుటి టిఫిన్, 'దినే' అంటే మధ్యాహ్న భోజనం. రాత్రికి 'సూపే'. శాకాహారులు పూటీన్ (బంగాళాదుంప ఫ్రైస్, చీజ్ ముక్కలు) మీద పోసే గ్రేవీ దేనితో చేశారో అడిగి తినండి.

ఈ హోటల్‌కి వెళ్లమంటారా అని స్నేహితులు అడుగుతుంటారు. మాకు కారుంది, మూడు గంటల దూరం, మేము వెళ్లేది ఎక్కువగా చలికాలంలోనే, మోకాళ్లు ఇంకా పనిచేస్తున్నాయి. ఇవన్నీ మీకూ ఉంటే మధ్య అంతస్తు గది అడగండి. టొరంటో నుంచి ఎనిమిది గంటలు నడిపొచ్చి, అమ్మానాన్నలతో రెండే రాత్రులు ఉండేవాళ్లకైతే లిఫ్టు, రాత్రి మనిషి ఉన్న పెద్ద హోటలే నయం, తడి గ్లోవ్స్ హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టుకోవచ్చు. మధ్య అంతస్తు దొరకలేదని పైకప్పు గది మాత్రం చవకగా వచ్చినా వద్దు. అమ్మ కూడా ఫోన్లో అదే అంటుంది, పెరుగు సంగతి చెప్పాకే అంటుందనుకోండి.

మొన్న జనవరిలో మధ్య అంతస్తులోనే ఉన్నాం. రెండో రాత్రి గుడగుడలు మొదలయ్యాయి. చెయ్యి పెట్టి చూస్తే కింద వేడి, పైన చల్లన. బ్యాగులోంచి తాళంచెవి తీసి, మర పావు వంతు తిప్పి, కింద తెల్ల తువ్వాలు పట్టాను. గాలి పోయింది, నల్ల నీళ్లు వచ్చాయి, బిగించాను. ఐదు నిమిషాల పని. మా ఆవిడ ఆ రాత్రి చప్పుడు లేకుండా నిద్రపోయింది. పొద్దున మేడమ్ ఆ తువ్వాలు చూసి, బిల్లులో పది డాలర్లు కలిపింది. తాళంచెవి మాత్రం వెనక్కి అడగలేదు.